మీటరు ధర చివర అడగండి

టీవీ కేబుల్ నుంచి ఫైబర్‌కు మారుతున్న ఆపరేటర్లు, పాలిటెక్నిక్ పూర్తి చేసి సొంత ఊళ్ళోనే ఇంటర్నెట్ పని మొదలుపెట్టాలనుకునే కుర్రవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: "సార్, మీటరు ఎంత పడతది?" ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పను, తిరిగి మూడు ప్రశ్నలు వేస్తాను. ఏ స్తంభాల మీద కడతారు? ఆ దారిలో అన్నిటికంటే ఎడంగా ఉన్న రెండు స్తంభాల మధ్య దూరం ఎంత? ఆ స్తంభాల మీద ఎన్ని వోల్టుల కరెంటు నడుస్తోంది? మొదటిదానికి చాలామంది జవాబు చెబుతారు. మిగతా రెండింటికీ జవాబు లేకుండానే కేబుల్ డ్రమ్ము ఆర్డరు ఇచ్చేస్తారు. ఏ కేబుల్ కొనాలో దుకాణంలో తేలదు, అది పోయే దారిలో తేలుతుంది. ఈ అధ్యాయంలో మీకు చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11న ఒకే రోజు పాత పాలమూరు నుంచి జిల్లాలుగా ఏర్పడ్డాయి గానీ, మూడింటి నేల ఒక్కటి కాదు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో, ముఖ్యంగా అలంపూర్ వైపు, నల్లరేగడి. వనపర్తి, కొత్తకోట చుట్టూ ఎర్రనేల, రాతిగుట్టలు. నాగర్‌కర్నూల్ దక్షిణపు అంచు నల్లమల అడవి. ఒకచోట నిలిచిన కేబుల్ ఇంకోచోట అలాగే నిలుస్తుందన్న హామీ లేదు.

అసలు భూమిలో వేయకుండా గాలిలో ఎందుకు కట్టాలి? పక్కపక్కనే ఉన్న రెండు రాష్ట్రాలూ ఈ ప్రశ్నకు వేర్వేరుగా జవాబు చెప్పుకున్నాయి. తెలంగాణ టీ-ఫైబర్ కోసం మిషన్ భగీరథ నీటి పైపులకు తవ్విన కందకాలనే వాడుకుని అందులో గొట్టాలు పరిచింది. తుంగభద్ర వంతెన దాటితే కర్నూలు. అటువైపు ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాలను నమ్ముకుని రాష్ట్రమంతటా సుమారు 24 వేల కిలోమీటర్ల కేబుల్‌ను వాటి మీదే లాగింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. స్తంభాల దారి తొందరగా పూర్తవుతుంది, ఖర్చు తక్కువ, గాలివానకు మాత్రం లొంగి ఉంటుంది. కందకం దారి ఖరీదైనది, రాతినేలలో మరీ కష్టం. పైగా రోడ్డు వెడల్పు చేసే రోజున జేసీబీకి కనబడదు. నా అభిప్రాయం అడిగితే, మండల కేంద్రం దాకా వచ్చే ప్రధాన లైను భూమిలో ఉండాలి. అక్కడి నుంచి పల్లెకు, పల్లెలో వీధి వీధికి స్తంభాల మీద పోవడమే మన నేలకు సరిపడే పద్ధతి.

స్తంభాల మీదికి దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఫిగర్-8: కేబుల్ పక్కనే ఉక్కు తీగ అతుక్కుని ఉంటుంది, బరువంతా ఆ తీగ మోస్తుంది. రెండోది ఏడీఎస్ఎస్. ఇందులో ఎక్కడా లోహం ఉండదు. నడుమ గాజునారతో చేసిన గట్టి కడ్డీ, దాని చుట్టూ ఫైబర్ పోగులున్న సన్నని ట్యూబులు, వాటిపైన పసుపుపచ్చ అరామిడ్ నూలు, అన్నిటి మీదా నల్లని పాలిథిన్ తొడుగు. బుల్లెట్ ఆపే చొక్కాల్లో వాడేది ఈ అరామిడ్‌నే. స్తంభానికీ స్తంభానికీ మధ్య కేబుల్‌ను నిలబెట్టేది ఆ నూలే. తొడుగు నల్లగా ఉండడానికి కారణం అందులో కలిపే కార్బన్ పొడి. మన ఎండలో తొడుగు పగలకుండా కాపాడేది అదే కాబట్టి రంగు వెలసినట్టున్న చౌక సరుకు కొనకండి.

కరెంటు స్తంభం మీద కట్టేటప్పుడు లోహం లేనిదే కావాలని నేను పట్టుబడతాను. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. వేలాడుతున్న ఒక కేబుల్ తీగ 11 కేవీ లైనుకు తగిలి, దాని గుండా కరెంటు రథానికి పాకిందని విద్యుత్ అధికారులు అప్పుడు చెప్పారు. ఆ తర్వాత నగరంలో స్తంభాల మీది కేబుళ్ళను కత్తిరించడం మొదలైంది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. రాగి ఉన్న పాత టీవీ కేబుల్ గానీ, ఉక్కు తీగ ఉన్న ఫిగర్-8 గానీ తెగి పైలైను మీద పడితే రెండో కొస దాకా కరెంటును మోసుకొస్తాయి. ఏడీఎస్ఎస్‌లో మోసుకొచ్చే లోహం లేదు. అయినా వానలో తడిసి, దుమ్ము పట్టిన తొడుగును కూడా నమ్మకూడదు. తెగి పడిన కేబుల్ ఏదైనా సరే, లైన్‌మన్ వచ్చి చూసేదాకా ముట్టుకోకండి.

ఇక దారిలో నడవాలి. టేపు, నోట్‌బుక్, ఫోను చాలు. ప్రతి స్తంభానికీ నంబరు వేసుకుని, తర్వాతి స్తంభానికి దూరం కొలిచి రాయండి. ఈ దూరాన్నే స్పాన్ అంటారు. ఊళ్ళో సుమారు 40, 50 మీటర్లుంటుంది, పొలాల్లో 60, 80. దుందుభి లాంటి వాగు దాటేచోట ఒక్కసారిగా 150 దాటవచ్చు. మొత్తం దారిలో ఆ ఒక్క స్పానే మీ కేబుల్‌ను నిర్ణయిస్తుంది. ఏడీఎస్ఎస్‌ను 50, 100, 150, 200 మీటర్ల స్పాన్లంటూ రకరకాలుగా తయారు చేస్తారు. వాటిలో అరామిడ్ నూలు మోతాదు వేరు, తట్టుకునే లాగుడు వేరు. దారంతా 100 మీటర్ల రకం తీసుకుని, వాగు దగ్గర కూడా దాన్నే కట్టేయడం జరుగుతూనే ఉంది. కట్టిన రోజున అది నిలుస్తుంది, మే నెల ఈదురుగాలికి దాని అసలు బలం బయటపడుతుంది. వాగు దగ్గర మధ్యలో ఒక స్తంభం పాతించండి, లేదా ఆ ముక్క వరకు పెద్ద స్పాన్ కేబుల్ వేసి రెండు పక్కలా జాయింటు పెట్టండి.

గాలి సంగతి ఒక లెక్కతో చెబుతాను, ఎందుకంటే చేతిలో కేబుల్ పట్టుకున్నప్పుడు అది ఎవరికీ తట్టదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 కట్టడాల కోసం ఊరూరికీ మూల గాలివేగం ఇస్తుంది. హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, కర్నూలుకు 39. మన మూడు జిల్లాలు ఈ రెండింటి నడుమ ఉన్నాయి. 44 మీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరు మీద దాదాపు 1,160 న్యూటన్ల ఒత్తిడి పెడుతుంది. 12 మిల్లీమీటర్ల మందమున్న కేబుల్‌ను అది మీటరుకు దాదాపు 1.4 కిలోల బలంతో పక్కకు నెడుతుంది. ఆ కేబుల్ సొంత బరువేమో మీటరుకు 110 గ్రాముల చుట్టూ ఉంటుంది. అంటే సొంత బరువుకు పది రెట్లకు మించిన భారం కొన్ని క్షణాల్లో మీద పడుతుంది. అందుకే అమ్మేవాణ్ణి స్పాన్ ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. "ఈ స్పాన్ ఎంత గాలివేగానికి చెప్పారు? గరిష్ఠంగా ఎంత లాగుడు తట్టుకుంటుంది?" అని అడిగి, కంపెనీ ఇచ్చే సాంకేతిక పత్రం చేతికి తీసుకోండి. ఆ పత్రం చూపించలేనివాడి దగ్గర కొనవద్దు.

రెండో లెక్క శాగ్. రెండు స్తంభాల మధ్య కేబుల్ కిందికి దిగే ఒంపు అది. చూడ్డానికి అందంగా ఉండాలని బిగుతుగా లాగేవాళ్ళు చాలామంది. బట్టల తీగను ఎంత సాపుగా లాగితే గోడ మేకు మీద అంత భారం పడుతుందని ఇంట్లో అందరికీ తెలుసు, స్తంభం దగ్గరికి వచ్చేసరికి మరచిపోతాం. మీటరు బరువును స్పాన్‌తో, మళ్ళీ స్పాన్‌తో గుణించి, శాగ్‌కు 8 రెట్లతో భాగిస్తే లాగుడు వస్తుంది. మీటరుకు 100 గ్రాముల కేబుల్, 60 మీటర్ల స్పాన్, 60 సెంటీమీటర్ల శాగ్ అనుకోండి: లాగుడు 75 కిలోలు. శాగ్‌ను 30 సెంటీమీటర్లకు బిగిస్తే అది 150 కిలోలవుతుంది. స్పాన్ 120 మీటర్లయి, శాగ్ అదే 60 సెంటీమీటర్లయితే 300 కిలోలు. గాలి ఇంకా రాకముందే ఇదీ లెక్క. మామూలుగా స్పాన్‌లో నూటికి ఒకటి చొప్పున శాగ్ వదిలితే ఊళ్ళ స్తంభాలకు సరిపోతుంది. పత్రంలో వేరే అంకె ఉంటే పత్రం మాటే వినండి.

మూడో ప్రశ్న కరెంటుది. మీరు పనిచేసేది ఎక్కువగా ఎల్‌టీ, 11 కేవీ స్తంభాల మీద. వాటికి మామూలు పాలిథిన్ తొడుగు చాలు. 132, 220 కేవీ టవర్ల దగ్గర కథ మారుతుంది. అక్కడి విద్యుత్ క్షేత్రంలో, మంచుకు తడిసిన తొడుగు మీద సన్నని కరెంటు పారి, తడి ఆరిన చోట నిప్పురవ్వలు పుట్టి తొడుగును నెమ్మదిగా తినేస్తాయి. అలాంటి చోట్లకు వేరే తొడుగు ఉంటుంది, కేబుల్‌ను టవర్ మీద ఏ ఎత్తున కట్టాలో కూడా లెక్క వేయాలి. చిన్న ఆపరేటర్ చేయాల్సిన పని కాదది. జూరాల వైపు పెద్ద టవర్లు దగ్గరగా ఉన్నాయని వాటి మీద కన్ను వేయకండి.

ఎత్తు విషయంలో చాలామంది లెక్క తప్పుతారు. 8 మీటర్ల సిమెంటు స్తంభంలో సుమారు మీటరున్నర నేలలో ఉంటుంది. పైన మిగిలేది ఆరున్నర. పైభాగం కరెంటు తీగలది. వాటి కింద లైన్‌మన్ ధైర్యంగా పనిచేసుకునేంత జాగా వదలాలి, కింద వరికోత యంత్రం, పత్తి బస్తాల లారీ, వినాయకుడి ఊరేగింపు బండి పోవాలి. వీధికి అడ్డంగా పోయే ఎల్‌టీ తీగకే కనీసం 5.8 మీటర్ల ఎత్తు ఉండాలని పాత విద్యుత్ నియమాలు చెప్పేవి. రోడ్డు దాటేచోట మీ కేబుల్‌కు కూడా అదే ఎత్తు పెట్టుకోండి. 8 మీటర్ల స్తంభంతో అది కుదరకపోతే ఆ ఒక్క చోట సొంత స్తంభం పాతించండి, లేదా రోడ్డు కింద గొట్టంలో దాటించండి.

ఇంకో సంగతి అనుభవమున్నవాళ్ళు కూడా పట్టించుకోరు. కరెంటు లైనుది అల్యూమినియం తీగ, ఎండకు సాగి బాగా కిందికి దిగుతుంది. అరామిడ్ గుణం వేరు, వేడికి పొడవు పెరగదు. కాబట్టి ఏడీఎస్ఎస్ ఉన్నచోటే ఉంటుంది, పైతీగ దాని మీదికి దిగి వస్తుంది. డిసెంబరు పొద్దున కొలిస్తే బాగా కనిపించిన ఎడం, వడగాడ్పు తోలే మే మధ్యాహ్నం సగమై ఉండవచ్చు. చలికాలంలో కట్టినప్పుడు ఆ తేడా కలుపుకుని ఎక్కువ జాగా వదలండి. నల్లరేగడిలోనైతే స్తంభం కూడా కదులుతుంది. ఆ మట్టి వానకు ఉబ్బి, ఎండకు బీటలిచ్చి స్తంభాన్ని ఏటా కొంచెం వంచుతుంది. వంగిన స్తంభం మీద లాగుడు పెట్టవద్దు. లైను మొదలయ్యే, ముగిసే, మలుపు తిరిగే స్తంభాలకు స్టే వైరు ఉందో లేదో చూసి, లేకపోతే ముందే వేయించండి.

నల్లమల వైపు పనిచేసేవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతి లేకుండా ఒక్క స్తంభం మీద కూడా చేయి వేయవద్దు. మన్ననూరు దాటాక రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అడవి దారిలో వాహనాలు పోనివ్వరు. రాత్రి తెగిన కేబుల్‌ను ఎంత తొందర ఉన్నా పొద్దున్నే బాగుచేయాలి. ఆసుపత్రికో, పోలీస్ స్టేషన్‌కో కనెక్షన్ ఇస్తున్నట్టయితే ఈ సంగతి ముందే చెప్పి, వీలైతే రెండో దారి చూపండి. కోతులు కేబుల్ పట్టుకుని ఊగుతాయి, ఉడతలు కొరుకుతాయి. గాజునూలు పొర మందంగా ఉన్న రకం తీసుకుంటే ఉడతల బెడద తగ్గుతుంది, పూర్తిగా పోదు. వేసవిలో గడ్డి కాలే చోట కేబుల్ చుట్టలను కిందికి వేలాడదీయవద్దు.

ఇక అనుమతుల గురించి క్లుప్తంగా చెబుతాను. స్తంభం మనది కాదు, దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థది. రాతపూర్వక అనుమతి, అద్దె లేకుండా కట్టిన కేబుల్‌ను వాళ్ళు ఎప్పుడైనా కోసేయవచ్చు. 2025 జనవరి 1 నుంచి కొత్త టెలికాం మార్గహక్కు నియమాలు అమలులో ఉన్నాయి. దరఖాస్తు వాటి ప్రకారం పెట్టండి. 44వ నంబరు జాతీయ రహదారి దాటాలన్నా, గద్వాల దగ్గర రైలు పట్టాలు దాటాలన్నా ఆయా శాఖల అనుమతి వేరే కావాలి. వాటికి నెలలు పట్టవచ్చు కాబట్టి డ్రమ్ము తెప్పించడానికి ముందే మొదలుపెట్టండి.

కట్టే రోజున మొదటి పని ఎల్‌సీ. సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకున్నాక కూడా పని జరిగేచోట రెండు వైపులా ఎర్త్ చేయించి, లైన్‌మన్ చూసి సరేనన్నాకే నిచ్చెన వేయండి. ఎవరి ఇంట్లోనో, రైస్ మిల్లులోనో జనరేటర్ నడుస్తుంటే లైనులోకి కరెంటు వెనక్కి రావచ్చు. "పది నిమిషాల పనే గదా" అనే మాట మన ఊళ్ళలో ఎందరి ఇళ్ళలో దీపం ఆర్పిందో మీకు తెలుసు. మట్టి పనికి దేశమంతా తిరిగిన పాలమూరు బిడ్డలకు సొంత ఊళ్ళో దొరుకుతున్న నైపుణ్యమున్న పని ఇది. దీనికి ప్రాణం బదులు ఇవ్వాల్సిన అవసరం ఎవరికీ లేదు.

డ్రమ్ము లారీ దిగగానే, కేబుల్ విప్పకముందే, ఫైబర్ లోపాలను పట్టే ఓటీడీఆర్‌తో ప్రతి కోర్‌నూ చూడండి. దారిలో దెబ్బ తిన్నదో, మీ చేతిలో తిన్నదో తర్వాత తేల్చలేరు. డ్రమ్మును స్టాండు మీద ఎత్తి తిప్పుతూ విప్పాలి, చుట్టలు చుట్టలుగా లాగితే మెలి పడుతుంది. ప్రతి స్తంభానికి కప్పీ కట్టి దాని మీదుగా చేత్తో లాగండి, ట్రాక్టరుకు కట్టి లాగవద్దు. లాగేటప్పుడు వంపు వ్యాసార్థం కేబుల్ మందానికి 20 రెట్లకు తగ్గకూడదు, అంటే 12 మిల్లీమీటర్లకు 24 సెంటీమీటర్లు. కట్టేశాక 10 రెట్లు చాలు.

మూడు జిల్లాల్లోనూ విరివిగా కనిపించే తప్పు ఒకటుంది: కేబుల్‌ను స్తంభానికి బైండింగ్ వైరుతో బిగించడం. ఆ తీగ తొడుగును నొక్కి, లోపలి ట్యూబును నలిపి, సిగ్నల్‌ను నెమ్మదిగా తగ్గిస్తుంది. ఏడీఎస్ఎస్‌కు మెలితిప్పిన కడ్డీలతో చుట్టే డెడ్ ఎండ్ బిగింపులు వేరే వస్తాయి. అవి లాగుడును చాలా పొడవు మీద పంచుతాయి. వాటిని మీ కేబుల్ మందానికి సరిగ్గా సరిపోయే సైజులో కొనాలి, ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా జారవచ్చు. సాపుగా పోయే స్తంభాల దగ్గర సస్పెన్షన్ క్లాంపు చాలు, మలుపుల దగ్గర, వాగుల దగ్గర, రోడ్డు దాటేచోట రెండు పక్కలా డెడ్ ఎండ్ వేయండి. అందుకే మీటరు ధరకు అర్థం లేదంటాను. బిగింపులు, జాయింట్ బాక్సులు, కూలి, అద్దె కలిపి కిలోమీటరుకు ఎంతయిందో లెక్క కట్టి పోల్చుకోండి. అప్పుడు 12 కోర్లకూ 24 కోర్లకూ తేడా ఎంత చిన్నదో కూడా కనిపిస్తుంది. ప్రధాన లైనుకు 24 వేయమనే నా సలహా.

జాయింటు దగ్గర రెండు వైపులా 15, 20 మీటర్ల కేబుల్ మిగిల్చి చుట్టగా కట్టండి. స్ప్లైసింగ్ కింద, నీడలో, దుమ్ము లేనిచోట చేయాలంటే బాక్సు నేల దాకా దిగాలి. రోడ్డు వెడల్పు చేసి స్తంభాలు జరిపినప్పుడు కూడా ఆ చుట్టే ఆదుకుంటుంది.

చివరికి సిగ్నల్ లెక్క. జీపాన్ పరికరాల్లో ఎక్కువగా వాడే బీ ప్లస్ రకానికి 28 డీబీ లాస్ వరకు సరే. వనపర్తి నుంచి 12 కిలోమీటర్ల దూరంలోని ఊరికి వెళ్తున్నారనుకోండి. ఫైబర్‌కు కిలోమీటరుకు 0.35 చొప్పున 4.2, 32 ఇళ్ళకు పంచే స్ప్లిట్టర్‌కు 17.5, ఎనిమిది జాయింట్లకు 0.8, నాలుగు కనెక్టర్లకు 2. మొత్తం 24.5, మిగిలింది 3.5. ఆ మూడున్నరే రాబోయే ఏళ్ళలో తెగి అతికే ప్రతి జాయింటుకూ మీ దగ్గరున్న నిల్వ. పని పూర్తయ్యాక 1310, 1550 రెండు తరంగాల మీదా, రెండు కొసల నుంచీ కొలిచి దాచుకోండి. ఎక్కడైనా కేబుల్ మరీ వంగి ఉంటే 1550లోనే స్పష్టంగా పట్టుబడుతుంది. స్తంభం నంబరు, స్పాన్, జాయింటు చోటు, కొలిచిన అంకెలు రాసుకున్న ఆ నోట్‌బుక్ మీ తర్వాత పనిచేసేవాడికి కూడా అర్థమయ్యేలా ఉండాలి.

కొత్త కేబుల్ వెలిగిన వారంలోనే ఇంకో పని చేయండి. అదే స్తంభాల మీద మీరు గతంలో కట్టి వదిలేసిన రాగి కేబుళ్ళు, తెగి వేలాడుతున్న డ్రాప్ వైర్లు ఉంటాయి. విద్యుత్ సంస్థ ఏఈకి చెప్పి, ఎల్‌సీ తీసుకుని, ఊళ్ళో తర్వాతి ఊరేగింపు కదిలేలోగా వాటన్నిటినీ దించేయండి.